సోషల్ సెక్యూరిటీ ఖాతాకు కొత్త లాగిన్: అమెరికాలోనూ తెనాలిలోనూ వాడి చూశాక

అమెరికాలో ఉద్యోగ విరమణ చేసి, చలికాలమంతా ఆంధ్రలో గడిపి వచ్చే మా దంపతులకు, ఉద్యోగ విరమణ చేసిన వారికి నెలనెలా డబ్బు ఇచ్చే అమెరికా ప్రభుత్వ పథకమైన సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లోకి వెళ్లడానికి ఇప్పుడు వాడుతున్న లాగిన్ డాట్ గవ్ (అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఉమ్మడి లాగిన్) ఖాతాలో అన్నిటికన్నా నచ్చినది అథెంటికేటర్ యాప్. ఫోన్‌కు సిగ్నల్ లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా, అమెరికా నంబరు మూగబోయినా, అది ఆరంకెల కోడ్ చూపిస్తుంది. ఏడాదికి పైగా వాడిన తరువాత కూడా నాకు ఆ సంతోషం తగ్గలేదు. అయితే దానికి కొన్ని షరతులు ఉన్నాయని ఈమధ్యే తెలిసింది కనుక, వాటిని కూడా కలిపి వివరంగా రాస్తున్నాను.

ఖాతా ఎలా తెరవాలి, పాస్‌వర్డ్ ఎంత పొడవుండాలి వంటి సంగతులు అందరికీ తెలిసినవే. 2021 సెప్టెంబరు 18కి ముందు సోషల్ సెక్యూరిటీ యూజర్‌నేమ్‌తో ఖాతా తెరిచిన వాళ్లందరూ లాగిన్ డాట్ గవ్‌కు మారాలని 2024లో ప్రకటన వచ్చినప్పుడు మేమిద్దరమూ ఆ కోవలోనే ఉన్నాము. పాత పేరుతో ఒకసారి లోపలికి వెళ్లి, కొత్త ఖాతా తెరిచి, రెండింటినీ జతచేస్తే పని అయిపోయింది. ఒక ఈ-మెయిల్‌కు ఒకే ఖాతా కాబట్టి భార్యాభర్తలకు వేర్వేరు ఈ-మెయిళ్లు ఉండాలన్న విషయం మాత్రం ఇన్నాళ్లూ ఒకే చిరునామాతో నెట్టుకొస్తున్న జంటలు ముందుగా గమనించాలి. ఒకరి ఖాతాను ఇంకొకరు, రాతపూర్వక అనుమతి ఉన్నా సరే, వాడకూడదన్నది సోషల్ సెక్యూరిటీ నియమం. అందుచేత నా భార్య ఖాతా పని ఆమే స్వయంగా చేసుకుంటుంది.

మార్పుకు ముందు మా అలవాటు వేరు. 2016 వేసవిలో సోషల్ సెక్యూరిటీ వారు మొబైల్‌కు వచ్చే సందేశాన్నే తప్పనిసరి చేయబోయి, అభ్యంతరాలు రావడంతో కొద్ది వారాలలోనే వెనక్కి తగ్గారు. 2017 జూన్‌లో మళ్లీ రెండో అంచె, అంటే పాస్‌వర్డ్ తరువాత కోడ్ కూడా అడిగే పద్ధతి, పెట్టినప్పుడు మొబైల్ సందేశమో ఈ-మెయిలో ఎవరికి వీలైనది వారు ఎంచుకోనిచ్చారు. ఇండియాలో ఉన్నంత కాలం మాకు ఆ ఈ-మెయిల్ కోడే ఆధారం. కొత్త పద్ధతిలో రెండో అంచెకు ఈ-మెయిల్ లేదు. కోడ్ అందుకునే మార్గం ఫలానా పరికరం మన చేతిలో ఉందని రుజువు చేయాలని, ఈ-మెయిల్ ఆ పని చేయదని, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ప్రచురించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వాదనలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. ఈ-మెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటి దొంగ చేతిలో పడితే నెలనెలా వచ్చే డబ్బు వేరే బ్యాంకు ఖాతాకు మళ్లిపోవచ్చు. అయినా సముద్రం దాటి వచ్చే వృద్ధులకు అదొక్కటే తేలికైన దారి, దాన్ని తీసేసినప్పుడు దాని స్థానంలో ఏది పెట్టుకోవాలో ఇంకా గట్టిగా, ఇంకా ముందుగా చెప్పవలసింది.

మొన్నటి ఫిబ్రవరిలో తెనాలిలో ఉండగా అసలు పరీక్ష ఎదురైంది. అమెరికాలో మా పన్నుల లెక్కలు చూసే ఆయన ఎస్ఎస్ఏ-1099 పత్రం, అంటే ఏడాదిలో సోషల్ సెక్యూరిటీ నుంచి ఎంత డబ్బు వచ్చిందో చూపే కాగితం, అడిగారు. అది అమెరికాలో ఎడిసన్ ఊళ్లోని మా ఇంటికి పోస్టులో వెళ్లింది, కానీ అక్కడ దాన్ని తీసి పంపే వారు లేరు. ఆన్‌లైన్‌లో దించుకోవడమే మార్గం. నేను ముందుగా మొబైల్ సందేశం ఎంచుకుని చూశాను, రాలేదు. మా ప్రీపెయిడ్ ప్లాన్‌తో ఆ అమెరికా నంబరుకు ఇక్కడ సందేశాలు అందవు. వెంటనే వేరే పద్ధతి ఎంచుకునే లింకు నొక్కి, యాప్‌లో కనిపించిన కోడ్ కొట్టగానే లోపలికి వెళ్లిపోయాను. పత్రం దింపుకోవడం, పంపడం నిమిషాల మీద జరిగిపోయింది. తరువాత పరీక్షగా ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాను, అప్పుడు కూడా ముప్పై సెకన్లకొకసారి అంకెలు మారుతూనే ఉన్నాయి.

అదే సాయంత్రం నా భార్య తన పత్రం కోసం కూర్చుంది. ఆమె ఫోన్‌లోనూ అదే యాప్ ఉంది, ఎడిసన్‌లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. ఇక్కడ మాత్రం ఆమె కొట్టిన ప్రతి కోడ్‌నూ వెబ్‌సైట్ తప్పన్నది. అంకెలు మారేలోపు కొట్టలేదేమోనని కొత్త కోడ్ వచ్చిన క్షణంలోనే కొట్టించాను. అదీ తప్పే. మరీ ఎక్కువసార్లు తప్పితే ఖాతా కాసేపు స్తంభిస్తుందేమోనని ఆపేశాము. పాస్‌వర్డ్ సరైనదే, యాప్ సరైనదే, ఖాతా పేరు సరైనదే. ఫోన్ మీద గడియారం కూడా గోడ గడియారంతో నిమిషం తేడా లేకుండా సరిపోయింది. ఆ గడియారంలోనే చిక్కు ఉందని ఎవరికి తడుతుంది?

వాట్సాప్‌లో దొరికింది జాడ. ఎడిసన్ నుంచి మా అబ్బాయి అప్పుడే పంపిన సందేశం కింద పదిన్నర గంటల కిందటి సమయం కనిపించింది. ఆమె ఫోన్‌లో ఇండియా సిమ్ వేయలేదు, ఇంట్లోని వైఫైతోనే నడుపుతోంది. దాంతో ఫోన్ తెనాలికి వచ్చినా అందులోని టైమ్ జోన్ న్యూయార్క్‌దే మిగిలిపోయింది. మేము దిగిన మర్నాడు మా తమ్ముడి కొడుకు, "టైం తప్పు చూపిస్తోంది పెద్దమ్మా, సరిచేసి పెట్టాను," అంటూ ఆటోమేటిక్ సెట్టింగ్ తీసేసి ముళ్లను ముందుకు జరిపాడు. చూడటానికి భారత కాలమానమే, కానీ ఫోన్ లెక్కలో అది న్యూయార్క్‌లో ఇంకా రాని గడియ.

యాప్ పనిచేసే తీరు తెలిస్తే ఇది ఎందుకు చెడిందో అర్థమవుతుంది. మొదట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు వెబ్‌సైటుకూ ఫోనుకూ మధ్య ఒక రహస్య సంఖ్య పంచుకోవడం జరుగుతుంది. ఆపైన ఇద్దరి మధ్యా మాటామంతీ ఉండదు. వేర్వేరు ఊళ్లలోని ఇద్దరు ఒకే పంచాంగం చూసి ఒకే తిథి చెప్పినట్టు, ఆ సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి ఇద్దరూ విడివిడిగా ఒకే కోడ్ లెక్కగడతారు. సిగ్నల్ అవసరం లేకపోవడానికి కారణం అదే, గడియారం తప్పితే కోడ్ తప్పడానికి కారణమూ అదే. టైమ్ జోన్ మారితే ఏమీ కాదు, ఎందుకంటే లెక్కకు తీసుకునేది ప్రపంచమంతటికీ ఒకటైన కాలమానాన్ని. జోన్ మార్చకుండా గంటలను చేత్తో జరిపితేనే లెక్క చెడుతుంది. సెట్టింగులలో తేదీ, సమయం అన్నచోట ఆటోమేటిక్‌ను మళ్లీ పెట్టి, జోన్‌ను కోల్‌కతాగా ఎంచుకున్నాము. ముందు చూపిన సమయమే ఇప్పుడూ చూపింది, కానీ ఈసారి మొదటి కోడే చెల్లింది.

ఆనాటి నుంచి యాప్‌ను మునుపటంత నిశ్చింతగా పొగడలేకపోతున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కోడ్ పుట్టేది ఒక్క ఫోన్‌లోనే. ఆ ఫోన్ పోయినా, నీళ్లలో పడినా, కొత్తది కొని పాతదాన్ని ఇచ్చేసే ముందు యాప్‌లోని ఖాతాలను బదిలీ చేయకపోయినా, కోడ్ కూడా దానితోనే పోతుంది. అప్పుడు ఆదుకునేవి బ్యాకప్ కోడ్‌లు. లాగిన్ డాట్ గవ్ ఒకేసారి పది ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనికొస్తుంది. మా ఇద్దరివీ విడివిడి కాగితాల మీద ముద్రించి పాస్‌పోర్టులతో పాటు ఉంచుకున్నాము. అవి ఫోన్‌లో ఫోటోగా దాచుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఫోన్ పోయినప్పుడే వాటి అవసరం.

రెండో అంచె మార్గాలన్నీ పోగొట్టుకున్న వారికి మిగిలే దారి ఒక్కటే: ఖాతాను రద్దు చేయమని కోరి, ఇరవై నాలుగు గంటలు ఆగి, మొదటి నుంచి కొత్తది తెరవడం. అమెరికాలో ఉంటే అది చికాకు మాత్రమే. తెనాలిలో ఉంటే అంతకు మించిన కష్టం, ఎందుకంటే కొత్తగా గుర్తింపు నిరూపించుకోవలసి వస్తే స్వయంగా చూపించుకోవడానికి ఉన్నవి అమెరికా పోస్టాఫీసులు, ఉత్తరం వెళ్లేది అమెరికా చిరునామాకు. ప్రయాణానికి ముందే కనీసం రెండు మార్గాలు పెట్టుకుని, వాటిలో ఒక్కటైనా ఫోన్ నంబరుతో సంబంధం లేనిదై ఉండేలా చూసుకోమని నాకు తెలిసిన పెద్దలందరికీ గట్టిగా చెబుతున్నాను.

ఏడాది పొడవునా అమెరికాలోనే ఉండి, ఒకే నంబరు వాడే వారికి మొబైల్ సందేశంతోనే పని జరిగిపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేని వారికి ఇంటి ల్యాండ్‌లైన్‌కు కాల్ చేసి కోడ్ చదివి వినిపించే ఏర్పాటూ ఉంది. యూఎస్‌బీలో పెట్టే సెక్యూరిటీ కీ ఇంకా భద్రమని అంటారు కానీ నేను వాడలేదు కనుక దాని గురించి చెప్పను. నాకు యాప్ ఇంతగా నచ్చడానికి మా రెండు దేశాల కాపురం, కంప్యూటర్ల మధ్య గడచిన నా ఉద్యోగ జీవితం కూడా కారణాలై ఉండవచ్చు. నా భార్య అభిప్రాయం వేరు. యాప్‌ను ఆమె రోజూ వాడుతుంది, ఇప్పుడు ఫోన్‌లోని గడియారాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు, అయినా ఈ-మెయిల్‌కు కోడ్ పంపే పాత పద్ధతిని రేపు తిరిగి తెస్తే ఆ రోజే దానికి మారిపోతానని అంటోంది.