బాస్ కటానా 50 మార్క్ 2: లోపలున్న ఎఫెక్టుల్లో పనికొచ్చేవి ఎన్ని?

బాస్ కంపెనీ గిటారు ఆంప్ (యాంప్లిఫయర్) కటానా 50 మార్క్ 2 లోపల, గిటారు శబ్దాన్ని మార్చే ఎఫెక్టులు అరవై పైచిలుకు ఉన్నాయి. నేను వాడేవి ఐదో ఆరో. అయినా కొన్నందుకు బాధ లేదు. ఆ ఐదారూ గట్టివి.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా తీర్పు ఎవరికి పనికొస్తుందో తెలియదు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను, ఉండేది ఒంగోలులో. ఆదివారం చర్చిలో గిటారు. ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రా వాళ్ళు పిలిస్తే అక్కడా గిటారే. అంటే నా ఆంప్ పక్కన ఎప్పుడూ ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక డోలక్, నలుగురైదుగురు పాడేవాళ్ళు ఉంటారు. ఇంట్లో ఒక్కడే కూర్చుని వాయించుకుంటే బ్రహ్మాండంగా ఉండే ఎఫెక్టు ఈ గోలలో బురదైపోతుంది. యూట్యూబ్ రివ్యూల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. అక్కడ వాయించేవాడు ఒక్కడే కదా.

షాపులో ఆంప్ చూపించే కుర్రాడు ఎప్పుడూ రివర్బ్ (గది మోత), డిలే (ప్రతిధ్వని) నిండా పోసిన ప్రీసెట్, అంటే ముందే కూర్చిపెట్టిన సెట్టింగు, పెట్టి చేతికిస్తాడు. దాంట్లో ఎవరు వాయించినా గొప్పగానే ఉంటుంది. నేను మొదట అవన్నీ ఆపేయమంటాను. క్లీన్ ఛానెల్ పెట్టి, అన్ని ఎఫెక్టులూ సున్నా చేసి, ఒట్టి గిటారు శబ్దం వింటాను. అది నచ్చకపోతే ఇక ఎఫెక్టుల జోలికి పోవడం దండగ. కటానా 50కి పన్నెండు అంగుళాల స్పీకరు ఉంది కాబట్టి ఒట్టి శబ్దం నిండుగానే వస్తుంది. ఎనిమిది అంగుళాల స్పీకరున్న ఆంపుల్లో రివర్బ్ పలచగా వినిపిస్తే చాలామంది ఎఫెక్టును తిడతారు. లోపం చాలాసార్లు డబ్బాది. హెడ్‌ఫోన్స్ పెట్టి అదే రివర్బ్ వింటే తేడా తెలిసిపోతుంది.

రివర్బ్‌కి నా పరీక్ష ఇది. ఎడమ చేత్తో తీగల్ని మూసిపట్టి, కుడిచేత్తో 'చక్' మని ఒక్క దెబ్బ. నోటు ఏదీ పలకదు, కాబట్టి ఆ తర్వాత వినపడే తోకంతా రివర్బ్‌దే. డిజిటల్ రివర్బ్ అంటే చిన్న చిన్న డిలేలు చాలా ఒకదాంట్లోంచి ఒకటి తిరుగుతూ ఉండటమే. అవి చాలినంత దట్టంగా లేకపోతే ప్రతిధ్వనులు విడివిడిగా లెక్కపెట్టేలా వినిపిస్తాయి, లేదా చివర్లో రేకు డబ్బా మీద గోరుతో గీకినట్టు ఒక మోత మిగిలిపోతుంది. కటానాలో హాల్, ప్లేట్ అనే రివర్బ్ రకాలు రెండూ ఈ పరీక్ష నెగ్గాయి. తోక నున్నగా తగ్గుతూ పోతుంది. స్ప్రింగ్ మాత్రం నాకు సగమే నచ్చింది. ఆంప్ లోపల నిజం స్ప్రింగులు పెట్టి రివర్బ్ తెప్పించడం ఫెండర్ ఆంపుల్లో 1963లో వైబ్రోవర్బ్‌తో మొదలైంది. దాని మీద గట్టిగా కొడితే స్ప్రింగులు అదిరి 'ప్లింక్' మని ఒక తడి చప్పుడు వస్తుంది. ఇక్కడ ఆ చప్పుడు మర్యాదగా వస్తుంది, అల్లరి తక్కువ. మన పాటలకి ఆ అల్లరి ఎలాగూ అక్కర్లేదు.

ఇంట్లో రివర్బ్ నాబ్ సగం దాకా తిప్పుతాను. చర్చిలో అయితే పావు కూడా తిప్పను. మా చర్చిలో నేలంతా నున్నటి నల్లరాయి, పైన కాంక్రీటు స్లాబు. చప్పట్లు కొట్టి ఆపినా మోత కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అలాంటి గదిలో ఆంప్ రివర్బ్ కూడా కలిస్తే కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మారింది అని వినేవాళ్ళకి తెలిసేలోపు ఇంకో కార్డు వచ్చేస్తుంది. ఆ నల్లరాయి మా చీమకుర్తిదే, గెలాక్సీ అంటారు. దాన్ని అమ్మిన లెక్కలు రాసేది నేనే, దాంతో ఇబ్బంది పడేదీ నేనే.

ఇక డిలే. ఈ ఆంప్‌లో నాకు అన్నిటికన్నా విలువైన ఎఫెక్టు ఇదే. ఇక్కడ మంచిచెడ్డలు తేల్చేది రెండు విషయాలు.

మొదటిది, తిరిగి వచ్చే శబ్దం ఎలా ఉంది అన్నది. పాతకాలపు అనలాగ్ డిలేలో శబ్దం ఒక చిప్‌లోని గదుల వరసలో ఒకదాన్నుంచి ఒకదానికి చేతులు మారుతూ పోతుంది. చుట్టు తిరిగిన ప్రతిసారీ పైస్థాయి పదును కొంత పోతుంది. అందుకే రెండో మారు మొదటిదానికన్నా మసకగా, మూడోది ఇంకా మసకగా ఉంటుంది. డిజిటల్ డిలేలో అన్నీ ఒకే పదునుతో వస్తాయి. అనలాగ్ అని పేరు పెట్టి డిజిటల్ డిలేకే ట్రెబుల్ కాస్త తగ్గించి వదిలేసిన ఆంపులు ఉన్నాయి. కనిపెట్టడం సులువు: ఒక్క నోటు కొట్టి, మార్లు ఎక్కువ పెట్టి వినండి. అన్ని మార్లూ ఒకే మసకగా ఉంటే అది మేకప్. కటానాలోని అనలాగ్ డిలే మారుమారుకీ నిజంగానే చీకటవుతుంది. పాట పాడేవాళ్ళ గొంతుకి అడ్డం రాకుండా వెనక్కి జరుగుతుంది. పాత టేపు యంత్రాల డిలేని అనుకరించే టేప్ ఎకోలో శ్రుతి కాస్త ఊగుతుంది, పాత పాటలకి అది బాగుంటుంది. బాస్ కంపెనీ 1981లోనే డిఎమ్-2 అనలాగ్ డిలే, 1983లో డిడి-2 డిజిటల్ డిలే పెడళ్ళు (కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టెలు) తెచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు ఈ ఒక్కచోట బాగా కనపడుతుంది.

రెండోది తాళం. చర్చి పాటల్లో చాలావాటికి ఆరు మాత్రల నడక ఉంటుంది, డోలక్ మూడు మూడుగా నడుస్తుంది. రెడీమేడ్ ప్రీసెట్లలో ఉండే డిలే ఎక్కువగా నాలుగు మాత్రల పాటల కోసం చేసింది. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బకి 500 మిల్లీసెకన్లు, అందులో ముప్పావు 375. ఆ 375 మీద గిటారు గలగలా పారుతున్నట్టు ఉంటుంది, కుర్రాళ్ళందరికీ అదే ఇష్టం. అదే సెట్టింగు తెచ్చి ఆరు మాత్రల పాటలో పెట్టారంటే డోలక్ ఒకవైపు, గిటారు ఇంకోవైపు. మా డోలక్ పెద్దాయన ఒకసారి పాట ఆపి, "ఏంది నాయనా, నీ డబ్బాలో ఇంకొకడెవడో వాయిస్తన్నాడే" అన్నాడు, పక్క ఊరి నుంచి వచ్చిన కుర్రాడితో. పెద్ద దెబ్బ సెకనుకొకటి చొప్పున పడే పాటలో చిన్న మాత్ర 333 మిల్లీసెకన్లు. డిలే 333 మీదో, రెండు మాత్రలు కలిపి 667 మీదో ఉండాలి. కటానా మీద ట్యాప్ బటన్ ఉంది. డోలక్‌తో పాటు చిన్న మాత్రల్ని నాలుగైదుసార్లు వేలితో నొక్కితే సరిపోతుంది. ఈ బటన్ లేని ఆంప్ చర్చికీ ఆర్కెస్ట్రాకీ కొనొద్దు, ఎన్ని ఎఫెక్టులున్నా సరే.

కోరస్ అంటే గిటారు శబ్దానికి కాస్త ఊగే జంటని కలిపే ఎఫెక్టు. దాని గురించి కంపెనీకి గొప్ప చెప్పుకునే హక్కుంది. బాస్ అనేది రోలాండ్ వాళ్ళదే. రోలాండ్ జాజ్ కోరస్ 120 అనే ఆంప్ 1975లో వచ్చింది. అందులోని కోరస్‌నే విడిగా తీసి 1976లో సిఇ-1 అని పెడల్ చేశారు, బాస్ పేరుతో. ఆ పెద్ద ఆంప్‌లో రెండు స్పీకర్లుంటాయి. ఒకదాంట్లోంచి మామూలు శబ్దం, రెండోదాంట్లోంచి శ్రుతి కాస్త అటూ ఇటూ ఊగే శబ్దం. రెండూ గాలిలో కలుస్తాయి. ఆ వెడల్పు అక్కడి నుంచి వస్తుంది. కటానా 50లో స్పీకరు ఒక్కటే. రెండు శబ్దాలూ లోపలే కలిసి బయటికొస్తాయి కాబట్టి ఆ వెడల్పు ఇక్కడ రాదు, రావాలని అడగడం న్యాయం కాదు. ఇందులో వినాల్సింది ఊగు. క్లీన్‌లో డి కార్డు వేసి వదిలేయండి. తీగలు శ్రుతి తప్పాయేమో అని మీ చెయ్యి ట్యూనింగ్ కీల వైపు పోతే కోరస్ బాగాలేనట్టే, లేదా ఎక్కువ పెట్టినట్టు. కటానాలో నాబ్ పావు వంతు దగ్గర కోరస్ ఉందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంటుంది, ఆపితే మాత్రం లోటు తెలుస్తుంది. నాకు కావాల్సింది అంతే. సగం దాటితే నాకు తల తిరుగుతుంది.

ఫేజర్, ఫ్లాంజర్, ట్రెమొలో బాగున్నాయి, వాటికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. స్లైసర్, రింగ్ మాడ్యులేటర్ ఒకసారి సరదాకి పెట్టి చూసుకోవచ్చు.

హార్మోనిస్ట్ దగ్గర ఆగాలి. మీరు ఒక నోటు వాయిస్తే ఇంకో నోటు జోడించే ఎఫెక్టు ఇది. పాట ఏ స్కేలో ముందే చెబితే దానికి తగ్గ నోటు తనే ఎంచుకుంటుంది. రాక్ సోలోల్లాగా నోటుకి నోటు విడివిడిగా వాయిస్తే చక్కగానే కలుస్తుంది. మన పాటల్లో జారుడు ఎక్కువ. గ నుంచి మ కి జారుతూ వెళ్తే మధ్యలో ఉన్న శ్రుతి ఏ నోటుదో ఆ ఎఫెక్టు తేల్చుకోలేక జంట నోటు ఒక్కసారిగా ఎగురుతుంది. ఇది ఈ ఒక్క ఆంప్ లోపం అనను, శ్రుతిని గుర్తుపట్టి పనిచేసే ఎఫెక్టులన్నిటికీ ఉన్న తంటాయే. ఇలాంటివాటిలో గుర్తుపట్టడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి కింది తీగల మీద వేగంగా వాయిస్తే వెనకబడిన భావన కూడా వస్తుంది. అదే నోటుని ఇంకో స్థాయిలో జోడించే ఆక్టేవ్‌ని ఒక్కో నోటుకి వాడుకోండి, బాగుంటుంది.

టచ్ వా అనే ఎఫెక్టుని ఆంప్ కొనేముందు మీ సొంత గిటారుతోనే చూడాలి. పిక్ ఎంత గట్టిగా కొట్టారన్నదాన్ని బట్టి ఇది తెరుచుకుంటుంది. హంబకర్ పికప్ (గట్టి శబ్దమిచ్చే రకం) ఉన్న షాపు గిటారుతో 'వావ్' అని నోరు తెరిచేది, అంత గట్టిగా పలకని సింగిల్ కాయిల్ పికప్ ఉన్న మీ గిటారుతో మూసుకునే ఉండొచ్చు. సెన్సిటివిటీ పెంచుకునే వీలుంది, దానికి ఆంప్‌ని యుఎస్‌బి వైరుతో కంప్యూటరుకి కలిపి టోన్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ తెరవాలి.

అసలు ఈ ఆంప్ సగం ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. పైన ఉన్న బటన్లు నొక్కితే పచ్చ, ఎరుపు, పసుపు రంగుల్లో ఒక్కోదానికి మూడు రకాలు దొరుకుతాయి. ఆ మూడు ఏవి ఉండాలన్నది కంప్యూటరులో మీరే పెట్టుకోవాలి. ఒకసారి పెట్టుకున్నాక కంప్యూటరుతో పని లేదు. నేను డిలేలో పచ్చకి అనలాగ్, ఎరుపుకి టేప్ పెట్టుకున్నాను. చీకటి వేదిక మీద పేర్లు చదవక్కర్లేదు, రంగు చూస్తే చాలు. కంప్యూటరు అంటే పడనివాళ్ళకి మాత్రం ఈ ఆంప్‌లోని ఎఫెక్టులు చాలావరకు లేనట్టే లెక్క. నాబులు తక్కువ కాబట్టి డిలే ఎన్ని మార్లు రావాలి, రివర్బ్ తోక ఎంత పొడుగుండాలి లాంటివి పైనుంచి మార్చడం కుదరదు.

ఫుట్ స్విచ్ పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి. చేతులు గిటారు మీద ఉన్నప్పుడు డిలే ఆన్ చేయడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి ఆ ఖర్చు కూడా ధరలో కలిపి చూసుకోండి.

ఇంతకుముందు నా దగ్గర ఇంకో మోడలింగ్ ఆంప్ (రకరకాల ఆంపుల శబ్దాన్ని అనుకరించేది) ఉండేది, పేరు అనవసరం. దాంట్లో ప్రీసెట్ మార్చగానే ముందు ప్రీసెట్ డిలే టక్కున తెగిపోయేది, మధ్యలో ఒక చిన్న ఖాళీ. పాట మధ్యలో అది ఎంత వికారంగా ఉంటుందో వాయించేవాళ్ళకే తెలుసు. ఏ ఆంప్ కొన్నా షాపులోనే డిలే పెట్టి, నోటు మోగుతుండగా ప్రీసెట్ మార్చి చూడండి. నేనైతే కటానాలో పాట మధ్యలో ఛానెల్ మార్చను. ఒకే ఛానెల్‌లో ఉండి కావాల్సిన ఎఫెక్టే వేస్తాను, తీస్తాను.

నాయిస్ సప్రెసర్ కూడా ఎఫెక్టుల లెక్కలోదే. మా పెళ్ళి పందిళ్ళలో జనరేటరు, సీరియల్ లైట్లు, మైక్ సెట్ అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. సింగిల్ కాయిల్ పికప్పులు 'గుయ్' మంటూనే ఉంటాయి. సప్రెసర్ కొద్దిగా పెడితే పాటకీ పాటకీ మధ్య ఆ రొద పోతుంది. ఎక్కువ పెడితే చివరి నోటు చచ్చేలోపే గొంతు నొక్కేస్తుంది. ఒక కార్డు వేసి పూర్తిగా ఆరిపోయేదాకా వినండి. చివర తెగినట్టుంటే కొంచెం తగ్గించండి.

ఇంట్లో రాత్రిపూట వాయించేవాళ్ళకి పవర్ అర వాట్‌కి దించే స్విచ్ ఉంది, తర్వాత 25, ఆపైన 50. చర్చిలో నాకు 25 చాలు. ఇంజినీరింగ్ చదువుతున్న మా బాబాయి కొడుకు, "అన్నా, నేను హాస్టల్ గదిలో నేర్చుకోడానికి ఇదే కొననా?" అని అడిగాడు. వద్దన్నాను. వాడికి ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టి 25 చాలు. ఎనిమిది అంగుళాల స్పీకరే అయినా ముందు చిన్న రంగుల తెర ఉంది, ఏ ఎఫెక్టు దేని తర్వాత ఉందో బొమ్మలో కనపడుతుంది. ఎఫెక్టుల వరస నేర్చుకునే వయసులో అది మంచి బడి. డోలక్ పక్కన కూర్చోవాల్సి వచ్చిన రోజున కటానా సంగతి చూసుకోవచ్చు, అప్పటికి మార్క్ 2 సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా తీసుకోమన్నాను. 2024లో కటానా కొత్త మోడల్ జెన్ 3 వచ్చింది కాబట్టి పాతవి అమ్మేవాళ్ళు ఉంటారు.