మైలవరం వైపు మామిడి తోటకు ఎర్రనేల మేలా, నల్లరేగడి మేలా?

విజయవాడ నుంచి మైలవరం, రెడ్డిగూడెం వైపు రెండు మూడు ఎకరాలు కొని మామిడి వేయాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొండ మొదలు నుంచి వాగు గట్టు దాకా దిగుతూ పోతే గరప (గులకరాళ్లు కలిసిన నేల), ఎర్రనేల, నల్లరేగడి వరుసగా తగిలే ఎగుడుదిగుడు ప్రాంతం కనుక, ఒకే సర్వే నంబరులో పై చెక్క ఒక తీరుగా, కింది చెక్క మరో తీరుగా ఉండటం కద్దు.

గరప గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. జీడిమామిడికి, సీతాఫలానికి సరిపోతుంది.

పల్లపు నల్లరేగడి బలమంతా తేమను పట్టి ఉంచడంలో ఉంది. వానలు వెళ్లాక కూడా ఆ తేమ మీదే శనగ పండుతుంది. గుంటూరు వైపు పత్తి, మిరప రైతులు నమ్ముకున్నదీ ఈ నేలనే. అయితే అందులోని బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు తీస్తుంది కాబట్టి, వాన పడగానే కాలు దిగబడుతుంది, బాగా ఆరితే నాగలి దిగదు. ఆ రెంటి నడుమ పదును కొద్ది రోజులే. ఆదివారం తప్ప పొలానికి వెళ్లలేని బెజవాడ ఉద్యోగికి ఆ అదును చిక్కడం కష్టం. పైగా సున్నం పాళ్లు ఎక్కువైన చోట ఇనుము అందక మామిడి లేత ఆకులు పసుపుబారతాయి.

నా మొగ్గు నడిమి వాలులోని ఎర్రనేల వైపే. కాని రంగు చూసి కాదు, లోతు చూసి. కొనేముందు రెండు మూడు చోట్ల నడుము లోతు గొయ్యి తవ్వించి, నీరు నింపించి, మర్నాడు వెళ్లి చూడాలి. నీరు పూర్తిగా ఇంకి, గోడల్లో అడుగు దాకా మెత్తని ఎర్రమట్టే కనిపిస్తే, 10 మీటర్ల ఎడంతో ఎకరాకు 40 బంగినపల్లి మొక్కలు పెట్టుకోవచ్చు. అడుగున్నరకే గడ్డపార ఖంగుమంటే, పైమట్టి ఎంత ఎర్రగా ఉన్నా ఆ చెక్క తోటకు పనికిరాదు.

ఎర్రనేలకూ లోపాలున్నాయి. నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. వాన దెబ్బకు పైన పెచ్చు కట్టి, నీరు ఇంకకుండా జారిపోతుంది. (ఈ కొండల నీరు బుడమేరు వాగులో చేరి బెజవాడ మీదికి ఎలా వస్తుందో 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ చూసింది.) అందుకే వాలుకు అడ్డంగా దున్ని, గట్లు వేసి, చెట్లు ఎదిగేదాకా వరుసల మధ్య జనుమో పిల్లిపెసరో చల్లి కలియదున్నాలి. తొలి వేసవుల్లో మొక్కలకు నీరు పోసే వసతి లేనివారు మాత్రం పల్లపు చెక్కనే తీసుకొని, శనగకు కౌలుకిచ్చుకోవడం నయం.