ఫైబర్‌గ్లాస్ రాకెట్: కొన్నేళ్లు ఎగరేశాక నా అభిప్రాయం

కాలిఫోర్నియాలోని మొజావే ఎడారిలో లూసర్న్ డ్రై లేక్ అని ఒక ఎండిపోయిన చెరువు ఉంది. అక్కడ కొన్నేళ్లుగా నేను హాబీగా ఎగరేస్తున్న హై పవర్ (పెద్ద మోటార్లతో లేచే) రాకెట్ గురించి ఈ సమీక్ష. 3 అంగుళాల వ్యాసం, లోపల ఇంధనం మండే మోటార్ పెట్టడానికి 54 మిల్లీమీటర్ల గొట్టం. బాడీ, ముక్కు, ఫిన్లు (తోక దగ్గరి రెక్కలు) అన్నీ ఫైబర్‌గ్లాసే. రాకెట్ చాలా గట్టిది, అందులో అనుమానం లేదు. అయితే ఆ గట్టిదనానికి కిట్ కొన్నరోజు ఒకసారి డబ్బు కడతాం, ఆ తర్వాత ఎగరేసిన ప్రతిసారీ కడుతూనే ఉంటాం.

రాకెట్ కట్టడం కష్టమేమీ కాదు, దురదే కష్టం. ఫైబర్‌గ్లాస్ పొడి చర్మానికి తగిలితే రెండు రోజులు గోక్కోవాల్సిందే, ఊపిరితిత్తులకు అసలే మంచిది కాదు. మాస్క్, గ్లోవ్స్ వేసుకుని, సాండ్‌పేపర్‌ని నీళ్లలో తడిపి రుద్దితే పొడి లేవదు. ఇపాక్సీ జిగురు పట్టాలంటే నున్నటి పైపొరను గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడవాలి. ఫిన్లు బాడీ గోడలోంచి లోపలికి వెళ్లి మోటార్ గొట్టానికి అతుక్కుంటాయి. లోపలి అతుకు బాగా పడితే ఆ ఫిన్ ఇక ఊడదు. నేను రాకెట్‌పాక్సీ అనే ఇపాక్సీ వాడాను, రెండు భాగాలూ సమపాళ్లలో కలపడమే కాబట్టి కొలతల గొడవ లేదు. మోటార్‌ని పట్టి ఉంచే రింగుకు మాత్రం వేడి తట్టుకునే జేబీ వెల్డ్ జిగురు. కిట్‌తో వచ్చిన సూచనల కాగితం నామమాత్రం, ఇంతకుముందు ఒకటైనా కట్టినవాళ్లకే అది అర్థమవుతుంది.

ఇక బరువు. మోటార్ పెట్టాక నా రాకెట్ మూడున్నర కిలోలు దాటుతుంది. మోటార్ పైకి నెట్టే బలం రాకెట్ బరువుకు కనీసం ఐదు రెట్లు ఉండాలని ఈ హాబీలో ఒక లెక్క. ఏరోటెక్ కంపెనీ ఐ161 మోటార్ సగటున 161 న్యూటన్లు ఇస్తుంది. దీనికి ఆ లెక్కన 170కి పైనే కావాలి కాబట్టి అది చాలదు, లేచేటప్పుడు దారి చూపే నిలువు పట్టాను వదిలేసరికి తగినంత వేగం అందదు. జె350 అయితే హాయిగా లేస్తుంది. రెండు సెకన్లు మండి దాదాపు మూడు వేల అడుగులకు తీసుకెళ్తుంది. మోటార్ పేరులోని హెచ్, ఐ, జె లాంటి అక్షరం ఒక మెట్టు పెరిగిన ప్రతిసారీ మోటార్ మొత్తం శక్తి గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది, ధర కూడా ఆ దారిలోనే నడుస్తుంది. అల్యూమినియం కేసింగ్ ఒకసారి కొంటే చాలు కానీ, అందులో ప్రతిసారీ కొత్తగా నింపే ఒక్కో జె రీలోడ్‌కి వంద డాలర్లకు అటూ ఇటూ వదులుతుంది. ఆ రీలోడ్‌లో ఉండేది అమ్మోనియం పర్‌క్లోరేట్, రబ్బరు బైండర్‌తో చేసిన ఘన ఇంధనం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్వీ మొదటి అంచెలో మండేదీ ఈ జాతిదే. ఈ మాట చెప్పాకే ఇంట్లోవాళ్లు నా హాబీకి కాస్త గౌరవం ఇచ్చారు. 2009లో అమెరికా కోర్టు తీర్పుతో ఈ ఇంధనం ఫెడరల్ పేలుడు పదార్థాల జాబితా నుంచి బయటపడింది కాబట్టి, ఇప్పుడు రాకెట్ హాబీ సంఘాలిచ్చే లెవెల్ సర్టిఫికెట్ ఉంటే మోటార్ కొనుక్కోవచ్చు.

అసలు టెన్షన్ పైకి వెళ్లేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఒకసారి ఎవరిదో రాకెట్ పారాచూట్ విప్పకుండానే వచ్చి, మాకు దూరంగా నేలలో గునపంలా దిగబడింది. అట్టతో చేసిందైతే నలిగిపోయేది. ఫైబర్‌గ్లాస్ నలగదు, తగిలినదాన్నే చీలుస్తుంది. అందుకే కిట్‌లో మిగిల్చిన డబ్బు ఏదైనా ఉంటే ఎలక్ట్రానిక్స్ మీద పెట్టమంటాను. నాది స్ట్రాటోలాగర్ అనే ఆల్టిమీటర్, అంటే ఎత్తు కొలిచే పరికరం. తుపాకిమందు చార్జీలను పేల్చి, రాకెట్ అత్యధిక ఎత్తుకు చేరాక చిన్న పారాచూట్, దిగుతూ 500 అడుగుల దగ్గర పెద్దది విప్పిస్తుంది. ప్యాడ్ మీద అది మూడు బీప్‌లు కొడితే రెండు చార్జీల వైరింగూ సరిగ్గా ఉన్నట్టు. ఆ మూడూ వినకుండా నేను అక్కణ్నుంచి కదలను. మోటార్‌లోనే ఉండి కాస్త ఆగి పేలే డిలే చార్జీని కూడా తీసెయ్యను, బ్యాకప్‌గా ఉంటుంది. ఎంత తుపాకిమందు పోయాలో లెక్కలు చెబుతాయి గానీ, గొట్టాలను కలిపి ఉంచే నైలాన్ స్క్రూలు తెగి గొట్టాలు విడిపోతాయో లేదో నేలమీద పేల్చి చూసుకోవాల్సిందే.

వాడకంలో అరిగినవి తక్కువే. లూసర్న్ నేల కాంక్రీటులా ఉంటుంది, మధ్యాహ్నం గాలి లేస్తే రాకెట్‌ని ఈడ్చుకుపోతుంది. పెయింట్ పెచ్చులూడింది, ఫిన్ల అంచులు కాస్త కొరుక్కుపోయాయి, అంతే. తేమకు గొట్టం ఉబ్బదు, పారాచూట్ తాడు లాగినా అట్టలా చీలదు. రేడియో తరంగాలు దీన్లోంచి దాటతాయి కాబట్టి జీపీఎస్ ట్రాకర్ ముక్కులోనే పెట్టుకోవచ్చు, కార్బన్ ఫైబర్‌లో ఆ సౌకర్యం లేదు. మార్చాల్సి వచ్చినవి పారాచూట్‌ను మంట నుంచి కాపాడే నోమెక్స్ గుడ్డ, మంట తగిలే చోట ఉండే, వేడి తట్టుకునే కెవ్లార్ తాడు.

మొదటి సర్టిఫికెట్ అయిన లెవెల్ 1 కోసమైతే దీన్ని కొనకండి. ఆ పరీక్షకు హెచ్ లేదా ఐ మోటార్ వాడాలి, అంత బరువును వాటిలో చాలావరకు లేపలేక ఆయాసపడతాయి. అట్ట రాకెట్‌తో ఆ గట్టు దాటి, లెవెల్ 2 రాతపరీక్ష కూడా రాశాక తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది. గొట్టం గురించి బెంగ అక్కర్లేదు, ఫిన్ల మొదట్లో ఇపాక్సీకి సన్నని పగుళ్లు ఉన్నాయేమో మాత్రం వెలుతురులో తిప్పి చూడండి.