మెక్సికోలో సర్రియలిస్టుల దారి: చాపుల్తెపెక్ నుంచి హిలిట్లా దాకా

సర్రియలిజం (కలల్లాంటి వింత దృశ్యాలను గీసే కళారీతి) కోసమని మెక్సికో వెళ్లేవాళ్లు మామూలుగా రెండు చోట్లు చూసి వస్తారు. ఒకటి మెక్సికో సిటీలోని కొయోఆకన్ పేటలో చిత్రకారిణి ఫ్రీదా కాహ్లో నీలం ఇల్లు, రెండోది హిలిట్లా అడవిలో ఎడ్వర్డ్ జేమ్స్ కట్టించిన కాంక్రీటు తోట. ఫొటోలకు రెండూ బ్రహ్మాండం. ఆ హడావిడిలో చిత్రకారిణులు లియొనోరా కారింగ్టన్, రెమెడియోస్ వారో, ఫొటోగ్రాఫర్ కాటి హోర్నా లాంటివాళ్లు జారిపోతారు. వీళ్ల పనుల్లో చాలావరకు చిన్న సైజువి, తలా ఒకచోట ఉంటాయి, ఒకోసారి గోడ మీద ఉండవు కూడా. అందుకే ముందు మెక్సికో సిటీలో వాళ్ల బొమ్మలు, తర్వాత సాన్ లూయిస్ పొతోసీ నగరం, ఆఖర్న హిలిట్లా అనే వరస పెట్టుకోవడం మేలు. అడవిలోని మెట్లూ తలుపులూ ఎక్కడి ఊహల్లోంచి వచ్చాయో బొమ్మలు చూశాకే అర్థమవుతుంది.

వీసా సంగతి ముందే తేల్చుకోవాలి. భారత పాస్‌పోర్టు మీద అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ దేశాల్లో దేనిదైనా గడువున్న వీసా ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా చాలు. డాలస్, హ్యూస్టన్‌ల నుంచి వెళ్లే మనవాళ్లు తడబడేది ఇక్కడే. హెచ్-1బి పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే ఈ మినహాయింపు వర్తించదు.

మెక్సికో సిటీలో మొదటి రోజంతా చాపుల్తెపెక్ పార్కుకే ఇచ్చేయండి. రెఫోర్మా రోడ్డుకి ఒక పక్క మోడర్న్ ఆర్ట్ మ్యూజియం, అవతలి పక్క ఆంత్రొపాలజీ మ్యూజియం. రెండింటికీ ఆర్కిటెక్టు ఒకరే, పెద్రో రమీరెస్ వాస్కెస్. రెండూ 1964 సెప్టెంబరులోనే తెరిచారు. సోమవారం రెండూ మూసి ఉంటాయి. రెఫోర్మా మీద నడిచే మెట్రోబస్ 7వ లైన్‌లో ఆంత్రొపొలోహియా స్టాపు దగ్గర దిగాలి. మెట్రోబస్‌లో నోట్లిచ్చి టికెట్ తీసుకోవడం ఉండదు, కార్డు కొని రీచార్జి చేసుకోవాలి. కొన్ని స్టాపుల్లో కార్డు మెషీన్ ఉండదు కాబట్టి ఏదైనా పెద్ద స్టేషన్‌లోనే కొనిపెట్టుకోండి.

మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో రెమెడియోస్ వారో బొమ్మలు 39 ఉన్నాయి. ఆమె చివరి భర్త వాల్టర్ గ్రూయెన్, ఆయన తర్వాతి భార్య అన్నా అలెక్సాండ్రా వార్సోవియానో కలిసి ఇచ్చిన సేకరణ ఇది. అయితే మ్యూజియం చేతిలో ఉన్నవన్నీ గోడ మీద ఉంటాయనుకుంటే దెబ్బతింటారు. హాళ్లు నాలుగైదే, ప్రదర్శనలు మారుతూ ఉంటాయి, ముఖ్యమైనవి అప్పుగా బయటికీ వెళ్తాయి. 2023లో చికాగోలో వారో ప్రదర్శన జరిగినప్పుడు కొన్ని అక్కడికే వెళ్లాయి. కాబట్టి టికెట్ల కంటే ముందు, ఆ నెలలో ఏ ప్రదర్శన నడుస్తోందో మ్యూజియం సైటులో చూడండి. ఫ్రీదా ‘ఇద్దరు ఫ్రీదాలు’ (1939) కూడా ఈ మ్యూజియందే. చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు.

వారో బొమ్మ ఎదురుపడితే ఆగాల్సింది అక్కడే. 1957 నాటి ‘పక్షుల సృష్టి’ సుమారు రెండడుగుల వెడల్పు. కాన్వాసు కాదు, హార్డ్‌బోర్డు మీద నూనెరంగులు. గుడ్లగూబ రూపంలో ఉన్న ఒక స్త్రీ బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది. మెడలో చిన్న వయొలిన్, దాని తీగకు కట్టినట్టుగా కుంచె. ఎడమ చేతిలోని త్రికోణపు గాజుపలకలోంచి నక్షత్రపు వెలుతురు కాగితం మీద పడుతుంది, గీసిన పక్షి లేచి ఎగిరిపోతుంది. రంగులేమో పక్కనున్న గుడ్డు ఆకారపు పాత్రల్లోంచి పళ్లెంలోకి కారుతుంటాయి. ఎదురుగా నిలబడితే బొమ్మ మీది అద్దంలో మీ మొహమే కనపడుతుంది. ఒక అడుగు పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే, తెల్లటి పూత దాకా గీరి తీసిన సన్నటి గీతలు పైకి తేలతాయి. తడి రంగు మీద కాగితమో మరేదో అద్ది పైకి లాగి తెచ్చిన నాచులాంటి మచ్చలూ కనిపిస్తాయి. డెకాల్కొమేనియా అంటారు దాన్ని. సర్రియలిస్టు చిత్రకారుడు మాక్స్ ఎర్న్స్ట్ దీంతో అడవులు వేశాడు. వారో మాత్రం ఆ మచ్చల్ని యథాలాపంగా వదిలేయకుండా, సన్న కుంచెతో వాటిలోంచి చెట్టునో గోడనో బయటికి లాగుతుంది. 1940ల చివర్లో వెనెజ్వేలాలో మలేరియా నివారణ పని కోసం దోమల బొమ్మలు వేసిన చెయ్యి అది. బేయర్ మందుల కంపెనీకి ప్రకటనల బొమ్మలు వేసి పొట్ట పోసుకున్న చెయ్యి కూడా. ఆ బొమ్మల్లోని యంత్రాలు నిజంగా పనిచేస్తాయేమో అనిపించడానికి కారణం ఇదే. 1961 నాటి ‘పారిపోవడం’ కూడా ఇక్కడిదే. అది మూడు బొమ్మల వరసలో చివరిది.

రోడ్డు దాటి ఆంత్రొపాలజీ మ్యూజియంలోకి వెళ్తే కింది హాళ్లే ఒక రోజు మింగేస్తాయి. మీక్కావలసింది పై అంతస్తు, అక్కడి గిరిజన జీవన విభాగం. కారింగ్టన్ 1963లో వేసిన ‘మాయా ప్రజల మాంత్రిక లోకం’ మ్యూరల్ (గోడ చిత్రం) అక్కడుంది. దీనికోసం ఆమె చియాపాస్ వెళ్లి త్సోత్సిల్ తెగ వైద్యుల దగ్గర వాళ్ల నమ్మకాలు నేర్చుకుంది. పైన ఆకాశం, మధ్యలో ఊరు, కింద సీబా చెట్టు వేళ్లు దిగిన పాతాళం. పై అంతస్తుకి జనం తక్కువగా వస్తారు కాబట్టి నెమ్మదిగా చూసుకోవచ్చు. కింది హాళ్లలో కాళ్లు అరిగాక కాకుండా, పొద్దున్నే ముందు పైకెక్కి తర్వాత కిందకి దిగండి.

అక్కడి నుంచి రెఫోర్మా మీదే ఊళ్లోకి వస్తే, ఆవ్ర వీధి మూల దగ్గర కారింగ్టన్ కంచు మొసలి ఉంటుంది. పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. పెద్ద మొసలే పడవ, అందులో పిల్ల మొసళ్లు ప్రయాణికులు. 2000లో నగరానికి ఆమె ఇచ్చిన కానుక ఇది, ఈ చోటుకి 2006లో మార్చారు. టికెట్ లేదు, తాళం లేదు. ఆదివారం పొద్దున రెఫోర్మాని సైకిళ్లకి వదిలేస్తారు కాబట్టి ఫొటో తీసుకోవడానికి అదే సమయం.

బస ఎక్కడ అంటే, రోమా నోర్తే పేటలో అంటాను. కారింగ్టన్ 60 ఏళ్లకు పైగా ఉన్న ఇల్లు ఇక్కడి చివావా వీధి 194లో ఉంది. కాటి హోర్నా ఇల్లు దగ్గర్లోనే తబాస్కో వీధిలో ఉండేది. ఒకరి వంటింట్లోంచి ఇంకొకరి వంటింట్లోకి నడిచి వెళ్లగలిగే దూరాల్లోనే వీళ్ల స్నేహం సాగింది. కారింగ్టన్ ఇంటిని ఒక విశ్వవిద్యాలయం కొని, సామాన్లు కదపకుండా అలాగే ఉంచింది. కానీ మామూలు మ్యూజియంలా టికెట్ కొని లోపలికి వెళ్లొచ్చనే ధీమాతో ప్లాన్ వేసుకోకండి. ఆన్‌లైన్‌లో ఇల్లంతా తిరిగి చూసే ఏర్పాటుంది, ముందు అది చూసుకుని వెళ్లి వీధిలో ఒకసారి నిలబడితే చాలు. రోమాలో రోడ్డు వైపు గదులకి రాత్రి చప్పుడు ఎక్కువ. బుక్ చేసేటప్పుడే లోపలి వాకిలి వైపు గది అడగండి. కొయోఆకన్ ప్రశాంతంగా ఉంటుంది, కానీ చాపుల్తెపెక్‌కి రానూపోనూ ట్రాఫిక్కే సగం రోజు తినేస్తుంది.

నీలం ఇల్లు వద్దంటున్నానని కాదు. వెళ్లండి, కానీ దేనికి వెళ్తున్నారో తెలిసి వెళ్లండి. అక్కడున్నది ఫ్రీదా జీవితం: మంచం, ప్లాస్టర్ కవచాలు, వంటిల్లు, తోట. పెద్ద పెయింటింగులు తక్కువ. తాను సర్రియలిస్టుని కానని, తన వాస్తవాన్నే గీశానని ఆమే చెప్పుకుంది. ఆ ముద్ర వేసింది 1938లో మెక్సికో వచ్చిన సర్రియలిస్టుల నాయకుడు ఆంద్రే బ్రెతాన్. ఆయన భార్య జాక్లీన్ లాంబా కూడా పెయింటరే, ఫ్రీదాకి మంచి స్నేహితురాలైంది. ఆమె పేరు ఎవరికీ గుర్తుండదు, అది వేరే సంగతి. టికెట్ ఆన్‌లైన్‌లో టైం స్లాట్ ప్రకారమే, గేటు దగ్గర దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. వారాంతపు స్లాట్లు చాలా ముందే అయిపోతాయి. స్లాట్ దొరక్కపోతే బాధపడకుండా, కొద్ది నిమిషాల నడక దూరంలో ఉన్న ట్రాట్‌స్కీ ఇంటికి వెళ్లండి. 1940లో ఆయన హత్య జరిగిన గది ఉన్నది ఉన్నట్టుగా ఉంది. క్యూ ఉండదు.

సాన్ లూయిస్ పొతోసీకి ఉత్తరాది బస్ టెర్మినల్ నుంచి మంచి బస్సులు ఉన్నాయి, 5 నుంచి 6 గంటలు పడుతుంది. ఒక వరసలో మూడే సీట్లుండే లగ్జరీ బస్సుకి కొంచెం ఎక్కువైనా పెట్టొచ్చు. ఏసీ మాత్రం గడ్డకట్టించేస్తుంది, శాలువా చేతిలోనే ఉంచుకోండి, కింద డిక్కీలో పెట్టిన సూట్‌కేసులో కాదు.

లియొనోరా కారింగ్టన్ మ్యూజియం ఇక్కడ పాత జైలు భవనంలో 2018లో మొదలైంది. మధ్యలో కాపలా బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా విడిపోయే గదుల వరసలు. ఊరి మధ్య నుంచి కల్సాదా దె గ్వాదలూపే వెంట నడిచి వెళ్లొచ్చు. లోపల ఎక్కువగా ఉన్నవి ఆమె వృద్ధాప్యంలో చేసిన కంచు శిల్పాలు, వాటితోపాటు నగలు, డ్రాయింగులు. 1940ల నాటి ఆ గొప్ప నూనెరంగుల, గుడ్డుసొన రంగుల బొమ్మలు చూద్దామని వస్తే నిరాశే. వాటిలో ఎక్కువ భాగం ప్రైవేటు ఇళ్లలో ఉన్నాయి. 1945 నాటి ఒక బొమ్మ 2024లో న్యూయార్క్ వేలంలో 2 కోట్ల 85 లక్షల డాలర్లకు పోయింది కూడా. నిలబడ్డ పొడుగాటి కంచు జీవులు జైలు గదుల్లో భలే ఇమిడిపోయాయి, అది ఒప్పుకోవాలి. తన 23వ ఏట, స్పెయిన్‌లోని శాంతాందేర్ మానసిక చికిత్సాలయంలో ఆమెను బంధించి ఉంచారన్న విషయం తెలిసినవాళ్లకి ఈ గదులు మరోలా కనిపిస్తాయి. రెండు మూడు గంటలు సరిపోతాయి, ఒక రాత్రి బస చాలు.

ఇక హిలిట్లా. సాన్ లూయిస్ నుంచి సియుదాద్ వాయెస్ సుమారు 4 గంటలు, అక్కడి నుంచి హిలిట్లాకి ఇంకో రెండు గంటలు. వాయెస్‌లో బస్సు మారేటప్పుడు చీకటి పడకుండా చూసుకోండి. లాస్ పోసాస్ (జేమ్స్ తోట పేరు ఇదే) మంగళవారం సెలవు, మిగతా మ్యూజియంలు సోమవారం సెలవు. ఆదివారం ఊళ్లో సంత, బయటినుంచి వచ్చే జనం. ఈ మూడూ తప్పించుకోవాలంటే బుధవారం సాయంత్రానికి చేరి, గురువారం పొద్దున మొదటి స్లాట్‌లో తోటలోకి వెళ్లడం సుఖం. ఈస్టర్ ముందు వారంలో అసలు వెళ్లకండి.

ఎడ్వర్డ్ జేమ్స్ ఇంగ్లండు ధనవంతుడు, సర్రియలిస్టు చిత్రకారులు డాలీకీ మాగ్రిట్‌కీ డబ్బిచ్చి బొమ్మలు వేయించినవాడు. కారింగ్టన్ బొమ్మలు కొని, 1948లో న్యూయార్క్‌లో ఆమె ప్రదర్శనకు దారి చూపింది ఆయనే. 1940ల మధ్యలో హిలిట్లా వచ్చి అడవిలో ఆర్కిడ్లు పెంచాడు. 1962లో మంచు కురిసి అవి చచ్చిపోయాయి. మంచుకి చావని తోట కావాలని కాంక్రీటులో మొదలుపెట్టాడు, 1984లో ఆయన పోయేదాకా పని ఆగలేదు. ఖర్చుకోసం తన దగ్గరున్న బొమ్మలు అమ్ముకుంటూ వచ్చాడు. స్థానిక వడ్రంగి హొసే అగిలార్ చెక్కతో అచ్చులు చేసేవాడు, వాటిలో ఇనప చువ్వలు నిలబెట్టి కాంక్రీటు పోసేవాళ్లు. స్తంభాలకి దగ్గరగా వెళ్తే ఆ చెక్కల అతుకులు కాంక్రీటు మీద ఇంకా గీతలుగా ఉన్నాయి. ఎటూ పోని మెట్లు, గది లేని తలుపులు, మూడంతస్తులో ఐదంతస్తులో తేల్చుకోని ఇల్లు.

తోట పాడవడానికి కారణం కూడా ఆ చువ్వలే. ఏడాదిలో ఎక్కువ రోజులు తేమే. కాంక్రీటు పగుళ్లలోంచి నీళ్లు దిగి, లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పై పొరని పెళ్లలుగా రాల్చేస్తుంది. అందుకే చాలా నిర్మాణాలపైకి ఎక్కనివ్వరు, ఇప్పుడు గైడ్‌తో స్లాట్ ప్రకారమే తిప్పుతారు. పాత ఫొటోల్లో లాగా పైకెక్కి నిలబడదామనో, కొలనులో ఈదుదామనో ఆశపడి వచ్చినవాళ్లే ఎక్కువగా విసుక్కుంటారు. గైడ్లు ఎక్కువగా స్పానిష్‌లోనే మాట్లాడతారు, ఇంగ్లిషు కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే అడగాలి. నాచు పట్టిన మెట్ల మీద నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి, పట్టుకోవడానికి రైలింగు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే కింది భాగమే చూపించి కాఫీ దగ్గర కూర్చోబెట్టండి. దోమల మందు తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం వాన, పొద్దుటి స్లాట్ అడగడానికి అదీ ఒక కారణం.

ఊళ్లో ఉండాలంటే ఎల్ కాస్తీయో పొసాదా. జేమ్స్ తోట పనులు చూసుకున్న ప్లుతార్కో గాస్తెలుమ్ ఇల్లది. లోపల గోడ మీద కారింగ్టన్ స్వయంగా వేసిన పొడుగాటి స్త్రీ బొమ్మ ఉంది. గదులు ఒకదానికొకటి పోలిక ఉండవు, మెట్లు చాలా. బట్టలు ఉతికితే ఆరవు. ఇది ఏ లాడ్జికి వెళ్లినా అంతే, ఆ గాలి గుణం. తోట పక్కన ఉండే బసలు పొద్దుటికి అనుకూలమే గానీ, రాత్రి భోజనానికి ఊళ్లోకి రావాలి, టాక్సీ దొరకడం కష్టం. ఊళ్లోని చిన్న కారింగ్టన్ మ్యూజియం కూడా 2018లోనే పెట్టారు. సాన్ లూయిస్‌లోది చూసి ఉంటే గంట కంటే ఎక్కువ పట్టదు.

శాకాహారులు ఒక మాట గుర్తుంచుకోండి. చిక్కుడు గింజల కూరలో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం కలిపే అలవాటుంది, అడిగితే ‘మాంసం లేదు’ అనే చెప్తారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో ముక్కలుంటేనే మాంసం. ‘సిన్ మాంతేకా, సిన్ కాల్దో దె పోయో’ (పంది కొవ్వు లేకుండా, కోడి రసం లేకుండా) అని విడిగా చెప్పాలి. అరటిపళ్లు, చీజ్ కేసదియాలు (చీజ్ మడిచి కాల్చిన రొట్టెలు), అక్కడే పండే కాఫీ, వీటితో నెట్టుకు రావచ్చు. నగదు సాన్ లూయిస్‌లోనే తీసుకోండి, ఊళ్లో ఏటీఎం ఖాళీ అయితే గతి లేదు.

తిరుగు ప్రయాణానికి కెరెతారో మీదుగా సియెర్రా గోర్దా కొండల దారి చూపు చాలనంత అందం. కానీ హాల్పాన్ దగ్గర మలుపులు కడుపులో తిప్పేస్తాయి. వాంతుల మాత్ర బయలుదేరడానికి అరగంట ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం ఉండదు. ముందు సీటు దొరక్కపోతే వాయెస్ మీదుగా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.