వేల్స్ పాత అడంగళ్లు చిత్తూరులో కూర్చునే చదవొచ్చు

రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ని. పాత భూరికార్డు కనబడితే చదవందే నిద్రపట్టదు. అలాంటి నాకు వేల్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల 'ప్లేసెస్ ఆఫ్ వేల్స్' వెబ్‌సైట్ పండగే. చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

పంటలో పదోవంతు చర్చికి ఇచ్చే పద్ధతిని 1836 చట్టం డబ్బు చెల్లింపుగా మార్చింది. అందుకోసం ఊరూరా గీసిన పటాలే ఈ సైట్‌లో ఉన్నాయి. ఒక మడిని ఎంచుకుంటే దాని నంబరు, యజమాని, సాగుదారు, పొలం పేరు, దున్నే నేలా పచ్చికా, విస్తీర్ణమెంత, అన్నీ తెలుస్తాయి. అచ్చం మన అడంగలే! కాకపోతే సెంట్లుండవు. ఎకరాకు 4 రూడ్లు, రూడుకు 40 పెర్చ్‌లు. యజమాని గడిలో ఒకే దొర పేరు మళ్లీ మళ్లీ వస్తుంటే మన కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలే గుర్తొచ్చాయి.

విన్‌స్టే, చర్క్ కాజిల్, పోవిస్ కాజిల్ లాంటి ఎస్టేట్ల కాగితాలు అబెరిస్ట్విత్‌లోని అదే గ్రంథాలయంలో ఉన్నాయి. కేటలాగు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు, కాగితాలు మాత్రం చాలావరకు అక్కడి రీడింగ్ రూములోనే చూడాలి. నాకు పోవిస్ మీదే మనసు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ క్లైవ్ ఆ ఇంటి అల్లుడు. 1801లో మన చిత్తూరు సీమ కంపెనీ పాలనలోకి వెళ్లింది ఆయన హయాంలోనే.

ఫోన్‌లో పటం మరీ ఇరుకు. ల్యాప్‌టాప్‌లోనే తెరవండి.