ఆర్‌ఎఫ్ పాజిటివా, యాంటీ సీసీపీ పాజిటివా?

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అని డాక్టరు ఇంకా తేల్చలేదు, రిపోర్టులో మాత్రం పాజిటివ్. కంగారు పడకుండా ముందు అది ఏ పరీక్షో చూడండి: ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్), యాంటీ సీసీపీ రెండూ ఈ జబ్బు కోసం రక్తంలో యాంటీబాడీలను చూసే పరీక్షలు.

ఆర్‌ఎఫ్ ఒక్కటే కాస్త పెరిగితే దాన్నిబట్టి జబ్బు అనలేం. వయసు పైబడినా, హెపటైటిస్ సి, టీబీ ఉన్నా పెరుగుతుంది.

యాంటీ సీసీపీ అంత తేలిగ్గా తీసేసేది కాదు. జబ్బు బయటపడటానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపించొచ్చు. ల్యాబు నార్మల్‌కి పెట్టిన గరిష్ఠ పరిమితి 20 అయితే, ఈ జబ్బును వర్గీకరించడానికి డాక్టర్లు వాడే 2010 ప్రమాణాల లెక్కన 60 దాటితేనే 'ఎక్కువ పాజిటివ్'. రెండు పరీక్షలూ పాజిటివైతే జబ్బు వచ్చే ముప్పు ఇంకా ఎక్కువ. అయినా ఒక్క కీలైనా వాచకుండా ఆ ప్రమాణాలు వర్తించవు.

అందుకే చేతులు గమనించాలి. పొద్దున్న లేచాక పిడికిలి బిగుసుకుపోయి అరగంటకీ సడలకపోతే, వేళ్ల మొదట్లో కణుపులు అడ్డంగా కలిపి నొక్కితే నొప్పెడితే, రుమటాలజిస్టు (కీళ్లవాతం చూసే డాక్టరు) దగ్గరికి వెంటనే వెళ్లాలి. వెళ్లేముందు మందుల షాపులో స్టెరాయిడ్ మాత్ర కొని వేసుకోకండి. వాపు తగ్గిపోయి డాక్టరు చూడాల్సిన గుర్తే మాయమవుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లయితే నొప్పి మాత్రలకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) తప్పక చూపించుకోవాలి, అక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువ. సిగరెట్టయినా చుట్టయినా ఇప్పుడే మానెయ్యండి: యాంటీ సీసీపీ ఉన్నవాళ్లకి పొగ మరీ చేటు.