లేఅవుట్‌లో పెద్ద చెట్టు: పార్కు స్థలంలోనా, ప్లాటులోనా, వేరేచోటికా?

తోటనో పొలాన్నో ఇళ్ల స్థలాలుగా విడగొట్టేటప్పుడు పాత చెట్లను బతికించాలని యజమాని మనస్ఫూర్తిగా అనుకుంటే ముందున్న దారులు మూడు. చెట్టున్న చోటును ఉమ్మడి ఖాళీ స్థలంలోకి తేవడం, ఏదో ఒక ప్లాటులో ఉంచి కొన్నవారికి అప్పగించడం, పెకలించి మరోచోట నాటడం. నా ఓటు మొదటిదానికే.

ముందు కొలత చూడాలి. మాను అడ్డుకొలతకు 12 రెట్ల దూరం వరకు చుట్టూ నేలను కదపకూడదని బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5837 చెబుతుంది. చుట్టుకొలత రెండున్నర మీటర్లున్న చింతచెట్టు అడ్డుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. దానికి 9.6 మీటర్లు, అంటే 31 అడుగులకు పైగా కావాలి. మన 200 గజాల ప్లాటు వెడల్పు సాధారణంగా 30 అడుగులే. చెట్టు ప్లాటుకు నట్టనడుమ ఉన్నా, ఆ వలయం రెండు పక్కల ఇళ్లలోకి 16 అడుగుల చొప్పున వెళ్తుంది.

అందుకే ప్లాటులో చెట్టు నిలవదు. కొన్నవారు చెట్టంటే ప్రాణం పెట్టేవారే కావచ్చు. ఇల్లు కట్టక తప్పదు కదా! పునాది, నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ: ఒక్కో కందకం ఒక్కో వైపు వేళ్లను తెంచుతుంది. నీటిని, పోషకాలను పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. చెట్టు వెంటనే చావదు. కొన్నేళ్లకు చిటారు కొమ్మలు ఎండుతాయి, మాను పట్టు సడలుతుంది. అప్పుడు పక్కింటివారు ప్రమాదమని ఫిర్యాదు చేస్తే ఆ మాట నిజమే అవుతుంది. చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలన్న 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఆ దశలో కాపాడగలిగింది తక్కువ.

ఉమ్మడి స్థలం లెక్క వేరు. లేఅవుట్‌లో పదోవంతు ఖాళీగా వదలాలి. అయిదెకరాలకు అది 2,420 గజాలు. ఆ చింతచెట్టు వలయానికి కావలసింది దాదాపు 345 గజాలు. దగ్గరదగ్గరగా ఉంటే అలాంటివి ఆరేడు ఇముడుతాయి. పైగా ఆ స్థలం దానపత్రంతో స్థానిక సంస్థకు చేరుతుంది కాబట్టి అక్కడ ఇల్లు లేవదు. చిక్కంతా క్రమంలోనే ఉంది. రోడ్లు, ప్లాట్లు గీసేశాక మిగిలిన మూలముక్కను పార్కు అంటారు. సర్వేయరు ముందు చెట్లను గుర్తించాలి, ఆ తర్వాతే రోడ్డు గీత పడాలి. చదును చేసే యంత్రం రాకముందే వలయం చుట్టూ కంచె వేయాలి. మాను మొదట్లో రెండడుగుల మొరం పోస్తే వేళ్లకు గాలి అందదు. చుట్టూ సిమెంటు గద్దె కట్టి టైల్స్ పరిచినా అంతే.

తరలింపు రావి, మర్రి, జువ్వి లాంటి వాటికి కొంతవరకు నప్పుతుంది. ముదిరిన చింత, మామిడి, ఇప్ప చెట్లకు ఆ నమ్మకం తక్కువ. బతికినా, కొమ్మలన్నీ నరికి తీసుకెళ్లిన చెట్టు మళ్లీ నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. రోడ్డును చెట్టు పక్కగా మళ్లించడం కూడా సాధ్యం కానిచోట మాత్రమే ఆ ఆలోచన చేయాలి.

పార్కుకు దూరంగా ఒంటిగా ఉన్న చెట్టు మాటేమిటంటే, దాని చుట్టూ రెండు మూడు ప్లాట్లను కలిపి ఒకే పెద్ద ప్లాటుగా అమ్మడం మేలు. వలయాన్ని కొలతలతో సహా విక్రయ దస్తావేజులో రాయించాలి, ఇంటి నమూనాను ఆ గీత బయటే గీయించాలి.